పదార్థగాథ – నాలుగవ భాగము: కోనసముద్రపు మూస

గత భాగమున కంచును గూర్చి ముచ్చటించితిమి. రాగిలో తగరమును ఎంతపాలు కలుపవలెనో యెఱిగినవాడు కంచుపనిలో సగము విద్య గడించినట్లే. ఉక్కు కడకు వచ్చునప్పటికి ఆ లెక్క చాలదు. అదే ఇనుము, అదే కర్బనము, అవే పాళ్లు. ఐనను ఒక కమ్మరి చేతిలో అది దెబ్బకు తునుకలగును, వేరొక కమ్మరి చేతిలో వంగి మరల నిలుచును. ఈ భేదము ఎక్కడనుండి వచ్చినదో కనుగొనుటకై ఐరోపా రసాయనజ్ఞులు ఇంచుమించు డెబ్బది సంవత్సరములు శ్రమించిరి. నేడు విశ్వవిద్యాలయములలో పదార్థవిజ్ఞానశాస్త్రమను పేర బోధింపబడుచున్న విద్యకు ఆ శ్రమయే ఒక ముఖ్యమైన పునాది. వారి బల్లలమీద ఉండినది, మన తెలుగునేలమీదను, కన్నడ తమిళ సీమలలోను మూసలలో కరగి గడ్డకట్టిన అఱచేతి యంతటి ఉక్కుబిళ్ళ.

గోదావరికి దక్షిణముగా, నిర్మల్ పట్టణమునకు ఎంతో దూరము కానిచోట, నిజామాబాదు జిల్లాలో కోనసముద్రమను గ్రామము కలదు. లాంబ్‌టన్ నాయకత్వమున సాగుచుండిన మహాత్రికోణమితి సర్వేలో వైద్యుడుగాను, భూగర్భశాస్త్రజ్ఞుడుగాను పనిచేసిన హెన్రీ వెస్లీ వోయిసీ పంతొమ్మిదవ శతాబ్దపు తొలి దశకములలో ఈ గ్రామమునకు వచ్చి, ఇక్కడివారు ఉక్కు తీయు విధమును స్వయముగా చూచి వ్రాసికొనెను. 1824లో ఆయన మరణించెను. ఆ వ్రాతలు 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడెను. ఏ మన్ను, ఏ ఇనుము, ఎంతసేపు అని అడిగి తెలిసికొని అక్షరబద్ధము చేసిన ఆ మనుష్యుని ఓపికకు మనము ఋణపడియున్నాము. ఏలయన ఈ విద్యను తండ్రి కొడుకునకు కొలిమికడ చేతితో నేర్పెనే కాని, విధమంతయు వివరించు తెలుగు గ్రంథమేదియు మన చేతికి అందలేదు.

కోనసముద్రపు విధానమున ఇనుము ముందుగా వేఱొకచోట సిద్ధమై రావలెను. ఆ ఇనుమును రెండు తావులనుండి, రెండు విధములైన ఖనిజములనుండి తీసినదిగా ఎన్నుకొనెడివారు: ఒకటి అయస్కాంతఖనిజమునుండి తీసినది, రెండవది ఇనుపమట్టినుండి తీసినది. రెంటిని తునుకలుచేసి, చిన్న గాజుతునుకతో కూడ మూసలో ఉంచి, మట్టిమూత పెట్టి సందులు మెత్తి, మూసలను కొలిమిలో పేర్చి, చుట్టును బొగ్గులు నింపి, ఎద్దుతోలు తిత్తులతో ఒక పగలు ఒక రాత్రి ఎడతెగక గాలి కొట్టెడివారు. కొలిమి చల్లారిన పిమ్మట మూసను పగులగొట్టి బిళ్ళను తీసెడివారు. అంతటితో పని ముగియలేదు. ఆ బిళ్ళకు మట్టి పూసి, గంటల తరబడి మరల కాచి, మెల్లగా చల్లార్చిననే కాని సుత్తెదెబ్బకు అది ఓర్వదు.

ఇంత సులభముగా చెప్పుచున్నాను కాని, ఇందులో ఒక్కొక్క మెట్టు ఒక్కొక్క కష్టమునకు పరిష్కారము. శుద్ధమైన ఇనుము కరగుటకు 1538 డిగ్రీల వేడి కావలెను; బొగ్గును తోలుతిత్తిని నమ్ముకొన్న కొలిమికి అంతటి వేడి అందదు. కాని ఇనుములో కర్బనము చేరిన కొలది కరగు వేడి దిగుచు వచ్చును. నూటికి నాలుగుపాళ్లకు పైబడి కర్బనమున్నచో 1150 డిగ్రీల దగ్గఱనే కరగును. కర్బనము తక్కువగా ఉన్న ఇనుమును, ఎక్కువగా ఉన్న ఇనుమును ఒకే మూసలో ఉంచినచో, రెండవది ముందు కరగి మొదటిదానిని తడిపి, తన కర్బనమును దానికి పంచియిచ్చును. తుదకు రెండును ఒక్కటై, నూటికి ఒకటిన్నర పాళ్ల కర్బనము గల ద్రవముగా నిలుచును. కోనసముద్రములో రెండు ఇనుములను కలుపుటకు కారణమిదియేయని పరిశోధకులలో పలువురు తలచుచున్నారు. గాజు కరగి లోహముమీద తేలి, గాలి తగులకుండ కప్పియుంచును. మైసూరు సేలము ప్రాంతములలో ఇదే ఫలమును వేఱొక త్రోవను సాధించిరి: మెత్తని ఇనుముతోపాటు తంగేడుకట్టెయు, జిల్లేడాకులును మూసలో ఉంచి మూత మెత్తెడివారు, అవి బొగ్గయి ఇనుములోనికి కర్బనమును ఎక్కించెడివి.

నా దృష్టిలో ఈ పరిశ్రమయందలి ఘనతలో ఉక్కుకంటె తక్కువ కానిది మూసయే. 1300 డిగ్రీలకు మించిన వేడిలో ఒక అహోరాత్రము నిలిచి, లోపలి ద్రవమును కారనీయక, పైని బొగ్గుల బరువునకు కుంగక, చల్లారునప్పుడు ముందుగా పగులక యుండగల మట్టిపాత్రను చేయుట ఏ కాలమునందైనను తేలికైన పని కాదు. దక్కను కమ్మరులు మట్టిలో వరియూకను దండిగా కలిపిరి. ఊక కాలిన చోట సన్నని రంధ్రములును, ఊకలోనుండిన ఇసుకజాతి పదార్థపు అస్థిపంజరమును మిగులును. లోపల చిక్కిన బొగ్గుపొడి మూసగోడను నల్లగా చేసి వేడికి బలమిచ్చును. కోనసముద్రపు మూసముక్కలను సూక్ష్మదర్శినితో పరిశీలించిన విదుషి థెల్మా లోవ్, మట్టి ఆ వేడిలో మారి ముల్లైటను సూదులవంటి స్ఫటికములుగా ఏర్పడినదని చూపెను. నేటి ఉక్కు కర్మాగారముల కొలిమి ఇటుకలలో కోరి పుట్టించు స్ఫటికము కూడ అదియే. లోహము, మన్ను, గాజు అను మూడు జాతుల పదార్థములు ఒక్క మూసలో ఒకదానికొకటి తోడ్పడినవి. లోహశాస్త్రము వేఱు, మృత్పాత్రశాస్త్రము వేఱు అని గిరిగీసికొని చదువుటవలన ఎంత నష్టమో విద్యార్థికి తెలుపుటకు ఇంతకంటె మంచి నిదర్శనము నాకు కనబడదు.

ఈ బిళ్ళలకై ఇస్ఫహాను వర్తకులు కోనసముద్రమునకు వచ్చెడివారని వోయిసీయే వ్రాసెను. అంతకు నూటయేబది యేండ్లకు పూర్వము, పదునేడవ శతాబ్దమున, ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే, నీరునీడల చాఱలు గల కత్తులకు తగిన ఉక్కు గోలకొండ రాజ్యమునుండి వచ్చుచున్నదని పేర్కొనెను. మచిలీపట్నపు రేవునుండి డచ్చి వర్తకులు ఇనుమును ఉక్కును తూర్పు దీవులకు తీసికొనిపోయిరి. ఐతే మూసలో ఉక్కు తీయు విద్య మనదొక్కరిదే యనుకొనుట న్యాయము కాదు. సింహళమునను, మధ్య ఆసియాలో మెర్వు మొదలగు నగరములలోను వేయి సంవత్సరములకు పూర్వమే అది ఉండినది. ఖడ్గముల జాతిభేదములను గూర్చి తొమ్మిదవ శతాబ్దమున అల్‌కిందీ యను పండితుడు గ్రంథమునే రచించెను. దక్కనులో బిళ్ళ పుట్టినది. పారసీక దేశమునందును, అరబ్బు నగరములందును కత్తి పుట్టినది. ఈ రెండు పనులకును నడుమ సముద్రమే యుండినది.

ఇప్పుడు కథ లండనునకు మారును. 1794లో బొంబాయిలోని వైద్యుడు హెలీనస్ స్కాట్ ఈ ఉక్కుబిళ్ళలను కొన్నిటిని రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపెను. ఆంగ్లేయులు దీనిని ఊట్జ్ అని పిలిచిరి. మరుసటి యేడు జార్జి పియర్సన్ అను వైద్యుడు దానిని పరీక్షించి రాయల్ సొసైటీలో వ్యాసము చదివెను. ఆ వ్యాసపు శీర్షికయే అది బొంబాయిలో తయారగు ఉక్కని చెప్పుచున్నది. పుట్టినచోటు మఱుగునపడి, ఓడ ఎక్కినచోటు పేరు నిలిచినది. బిళ్ళను కోసి, కాచి, ఆమ్లములలో కరగించి, తూచి చూచిన పియర్సన్‌కు అది మామూలు ఉక్కునకు మిక్కిలి దగ్గఱగా కనబడెను. భేదమునకు కారణము అందు కలసియున్న ఇనుపతుప్పు జాతి పదార్థమని ఆయన ఊహించెను. ఆ ఊహ తప్పు. 1805లో డేవిడ్ మషెట్ మరల పరీక్షించి, ఆంగ్లేయుల ఉక్కుకంటె దీనిలో కర్బనము హెచ్చని సరిగా చెప్పెను. ఇనుమునకును ఉక్కునకును గల భేదము కర్బనమే యని స్వీడను దేశపు బెర్గ్‌మన్ 1781లోనే త్రోవ చూపియుండెను కనుక, మషెట్ చెప్పినది నమ్మదగినదే. కాని అది చాలలేదు. కర్బనము పెంచిన ఉక్కును ఇంగ్లండులోని షెఫీల్డులో కూడ చేయగలరు. అట్లు చేసినదానికి ఆ నీరునీడల చాఱలు రాలేదు.

ఈ దశలో మైకేల్ ఫారడే రంగప్రవేశము చేసెను. ఆయన తండ్రి కమ్మరి. లండనులో జేమ్స్ స్టోడార్ట్ అను కత్తుల తయారీదారు ఊట్జుతో శస్త్రచికిత్సకు ఉపయోగించు కత్తులు చేయుచు, దాని పదునును మిక్కిలి మెచ్చికొనుచుండెను. ఆయనతో చేయికలిపి ఫారడే రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఉక్కు పరిశోధనలు ఆరంభించెను. 1819లో అతడు ఊట్జును విశ్లేషించి అందు అల్యూమినియమును, సిలికాయును స్వల్పముగా ఉన్నట్లు కనుగొని, రహస్యము అల్యూమినియములో ఉన్నదని నమ్మెను. పిమ్మట వెండి, ప్లాటినము, రోడియము మొదలగు లోహములను ఒక్కొక్కటిగా ఉక్కులో కలిపి చూచెను. 1820, 1822 సంవత్సరములలో వారిరువురి వ్యాసములు వెలువడెను; 1823లో స్టోడార్ట్ మరణించెను; కొంతకాలమునకు ఫారడే కూడ ఆ పనిని విడిచి విద్యుచ్ఛక్తి పరిశోధనలలో మునిగెను. ఆయన చేసిన లోహపు ముక్కలు 79 ఒక పెట్టెలో నిలిచియుండగా, నూఱు సంవత్సరములు గడచిన పిమ్మట 1931లో సర్ రాబర్ట్ హాడ్‌ఫీల్డు వానిని పరీక్షించి, మిశ్రలోహపు ఉక్కుల చరిత్రకు ఇదియే ఆదియని సగౌరవముగా చాటెను. భారతదేశపు ఉక్కు రహస్యమును వెదకబోయిన ఫారడేకు ఆ రహస్యము దొరకలేదు; దానికి బదులు, ఇతర లోహములను కలిపి ఉక్కు స్వభావమును మార్చవచ్చునను విశాలమైన మార్గము దొరకినది. నేడు వంటింటి పాత్రలలోని తుప్పుపట్టని ఉక్కు వఱకు ఆ మార్గము సాగివచ్చినది.

ఫారడేవంటి మహానుభావుని త్రోవ ఇక్కడ ఎందుకు తప్పినది? అప్పటి రసాయనశాస్త్రము వస్తువును కరగించి, విడదీసి, ఏది ఎంత యున్నదో తూచి చెప్పగలదు. కరగించినంతనే లోపలి కట్టడము చెదరిపోవును. ఒకే నూలుతో పగ్గమును పేనవచ్చును, పంచెను నేయవచ్చును. నూలును కాల్చి బూడిదను తూచువానికి ఆ రెంటి భేదము ఎన్నటికిని తెలియదు. ఉక్కునకు వచ్చిన చిక్కు ఇట్టిదే.

ఈ సంగతిని ముందుగా పసికట్టినవారిలో పారిస్ టంకశాలకు చెందిన బ్రేయాన్ ఒకడు. 1823 నాటికి ఆయన, చాఱలకు కారణము హెచ్చుగానున్న కర్బనమనియు, ద్రవము మెల్లగా చల్లారునప్పుడు లోహము రెండు వేఱ్వేఱు పదార్థములుగా విడివడి స్ఫటికములగుననియు స్పష్టముగా వ్రాసెను. అంతే కాక, ఐరోపా కమ్మరులు ఈ ఉక్కును పాడుచేయుటకు కారణమును కూడ గ్రహింపవీలు కలిగెను: తమకు అలవాటైన తక్కువ కర్బనపు ఉక్కును కాచినట్లే దీనిని కూడ తెల్లగా మెఱయువఱకు కాచి దాగలిమీద పెట్టుచుండిరి, అంతటి వేడిలో దీని అంచులు కరగనారంభించి, సుత్తెదెబ్బకు పొడియై రాలును. తూర్పుదేశపు కమ్మరులు ఎఱుపు దాటనీయక, మందవేడిలో, కొద్దికొద్దిగా, పలుమాఱులు కాచి సాగగొట్టెడివారు. ఉరల్ పర్వతములలో జ్లాతోవుస్త్ ఆయుధశాలను నడపిన అనోసోవ్, 1831లో ఉక్కు పై భాగమును మెఱుగుపెట్టి సూక్ష్మదర్శినితో చూచి, పది సంవత్సరముల పిమ్మట తన అనుభవమంతయు గ్రంథముగా ప్రకటించెను. కాని ఆయన రష్యనుభాషలో వ్రాసినది పశ్చిమమున విశేషముగా వ్యాపింపలేదు.

షెఫీల్డు పట్టణము ఆంగ్లేయుల ఉక్కునకు పుట్టినిల్లు. అచ్చటి హెన్రీ క్లిఫ్టన్ సార్బీ ఏ కర్మాగారమునకును యజమాని కాడు, ఏ విద్యాలయమునందును ఆచార్యుడు కాడు; తల్లిదండ్రులు విడిచిన ఆస్తితో నెమ్మదిగా జీవించుచు, ప్రకృతిని పరిశీలించుటయే వృత్తిగా పెట్టుకొన్నవాడు. రాళ్లను కాగితమంత పలుచని పొరలుగా అరగదీసి, వెలుగు వానిగుండ పోనిచ్చి సూక్ష్మదర్శినితో చూచు పద్ధతిని ఆయనయే ప్రచారములోనికి తెచ్చెను. కొండను సూక్ష్మదర్శినితో చూచుట యేమని తోటివారు హేళన చేసినను లక్ష్యపెట్టలేదు. ఉల్కాశిలలలోని ఇనుము ఆయన దృష్టి నాకర్షించినది. ఇనుముగుండ వెలుగు పోదు. కనుక 1863లో ఆయన ఉక్కుముక్కను అద్దమువలె నున్నగా మెఱుగుపెట్టి, బలహీనమైన ఆమ్లములో క్షణకాలము తడిపి, పైనుండి వెలుగు పడునట్లు అమర్చి చూచెను. మఱుసటి యేడు బాత్ నగరమున బ్రిటిష్ అసోసియేషను సభలో ఆ దృశ్యముల ఛాయాచిత్రములను చూపెను. సభవారికి అవి అంతగా పట్టలేదు. ఆయన కూడ ఆ పనిని ప్రక్కన పెట్టి, ఇరువది సంవత్సరములకు పైగా గడచిన పిమ్మట, 1880 తరువాత మరల చేపట్టి, పెద్ద కటకములతో చూచి సమగ్రముగా ప్రకటించెను. ఈ ఇరువది యేండ్ల నిశ్శబ్దమును తలచుకొన్నపుడెల్ల నాకు బాధ కలుగును. ఉక్కుపట్టాలు విఱిగి, వంతెనలు కూలి, మనుష్యులు మరణించుచుండిన ఆ కాలమున, విఱుగుటకు కారణమును చూపగల సాధనము ఒక ఇంటిలో బీరువాలో నుండెను.

ఆయన చూచినదేమి? ఉక్కు ఒకే పదార్థము కాదు. మెత్తని ఇనుపగింజలును, కఠినమైన ఇనుపకర్బన సమ్మేళనపు పలుచని రేకులును ఒకదానిప్రక్క నొకటి పేర్చినట్లు అమరియుండుట ఆయనకు కనబడినది. ముత్యపు మెఱుపుతో నుండిన ఈ అమరికకే పిమ్మట పెర్లైట్ అని పేరు వచ్చెను. కఠినమైన ఆ సమ్మేళనము సిమెంటైట్. అందు కర్బనము బరువులో నూటికి 6.67 పాళ్లు. చల్లార్పు నెమ్మదిగా జరిగినచో రేకులు దళముగా వచ్చును, త్వరగా జరిగినచో పలుచబడును. ఎఱ్ఱగా కాచి నీటముంచినచో కర్బనము విడివడుటకు వ్యవధి చాలక ఇనుప స్ఫటికములోనే చిక్కుపడి, దానిని వికృతపఱచి, అత్యంత కఠినమైన మార్టెన్‌సైట్‌గా చేయును. పాళ్లు మారలేదు, కట్టడము మారినది, దానితో స్వభావమంతయు మారినది. కమ్మరి పదును పెట్టుటయన్నది ఈ కట్టడమును కన్నుతో చూడకయే చేతితో దిద్దుట.

ఈ మాటనే పదార్థవిజ్ఞానశాస్త్రము తన తొలిపాఠముగా గ్రహించినది: వస్తువును చేసిన విధమునుబట్టి దాని కట్టడము, కట్టడమునుబట్టి దాని గుణము, గుణమునుబట్టి దాని ప్రయోజనము. 1912లో లావే, ఆ వెంటనే బ్రాగులు ఎక్స్‌కిరణములతో స్ఫటికములలోని పరమాణువుల వరుసలను కనుగొనుటతో, సార్బీ చూచినదానికంటె వేలరెట్లు సూక్ష్మమైన కట్టడము తెలిసివచ్చినది. లోహమునకు చెల్లిన సూత్రమే గాజునకును, పింగాణికిని, ప్లాస్టిక్కునకును, అర్ధవాహకములకును చెల్లునని స్పష్టపడిన పిమ్మట, 1950లలో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయమున లోహశాస్త్రశాఖ పదార్థవిజ్ఞానశాఖగా పేరు మార్చుకొనెను. ఖడ్గముల చాఱలకై జరిగిన వెదకులాటయే సూక్ష్మకట్టడమును గూర్చిన శాస్త్రమునకు దారితీసినదని సిరిల్ స్టాన్లీ స్మిత్ 1960లో తన లోహచిత్రణచరిత్ర గ్రంథమున సప్రమాణముగా నిరూపించెను. మన దేశమున 1923లోనే కాశీ హిందూ విశ్వవిద్యాలయము లోహశాస్త్రమును బోధించుటకు పూనుకొన్నది.

చాఱల రహస్యమో? అమెరికాలో అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జాన్ వెర్హోవెన్, ఫ్లోరిడాలోని కత్తులు చేయు కమ్మరి ఆల్‌ఫ్రెడ్ పెండ్రే యను ఇరువురు కలిసి సంవత్సరముల తరబడి మూసలలో ఉక్కు తీసి, సాగగొట్టి, కోసి చూచి, 1998లో తమ నిర్ణయమును వెల్లడించిరి. ద్రవము గడ్డకట్టునప్పుడు మొదట ఇనుప స్ఫటికములు కొమ్మలు వేసికొనుచు పెరుగును. మిగిలిన ద్రవము కొమ్మల సందులలో చిక్కి, అల్పమాత్రముగా ఉన్న ఇతర లోహములను తనతో పట్టుకొనును. వానిలో వెనేడియము ముఖ్యమైనది. బరువులో లక్షకు మూడుపాళ్లున్నను చాలునట. కమ్మరి మందవేడిలో పలుమాఱులు కాచి సాగగొట్టినపుడెల్ల, సిమెంటైట్ గింజలు వెనేడియమున్న ఆ తావులలోనే కూడుకొని, క్రమముగా వరుసలై, వరుసలు చదునై రేకులగును; మెఱుగుపెట్టి ఆమ్లము తాకించినపుడు ఆ రేకుల అంచులే నీటి అలలవలె తెల్లగా కనబడును. స్విట్జర్లాండులో బెర్న్ నగరపు ప్రదర్శనశాలనుండి వచ్చిన ప్రాచీన ఖడ్గములలో కూడ ఈ వెనేడియము కనబడినది. ఆ విద్య ఎట్లు నశించినదను ప్రశ్నకు కూడ వారు ఒక సమాధానమిచ్చిరి: ఆ లేశమాత్రపు లోహము గల ఖనిజము తఱిగిపోయి వేఱు గనుల ఇనుము వచ్చునప్పటికి, కమ్మరి అన్నియు పూర్వమువలెనే చేసినను చాఱలు రాలేదు, కారణము తెలియక ఒకటి రెండు తరములలో ఆ పని మానివేసిరి. మన వైపున దీనికి తోడు, అడవుల బొగ్గు ప్రియమగుటయు, 1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చిన పిమ్మట చవుకగా దిగుమతియైన ఉక్కును కారణములైనవి.

వెనేడియమును గూర్చిన ఈ సిద్ధాంతము నాకు సమంజసముగానే తోచుచున్నది. ఐతే అది కత్తులను కోసి చేసిన నిర్ణయము. బిళ్ళలు పుట్టినచోటి సాక్ష్యము ఇంకను కావలెను. 2010లో బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థయు, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయమును కలిసి ఉత్తర తెలంగాణములో ఊరూర తిరిగి, చిట్టెపు దిబ్బలను, మూసముక్కలను, పాడుపడిన కొలుములను గుర్తించి నమోదు చేసినవి. ఇనుము తీసిన చోట్లు ఎన్నియో, ఉక్కు తీసిన చోట్లు వానిలో కొన్ని. రెండింటిని వేఱుచేసి గుర్తించుటకు మూసముక్కయే ఆనవాలు. నల్లని గోడ, లోపలి వైపున గాజుపొర, ఆ పొరలో చిక్కిన ఇసుకరేణువంత ఉక్కుబొట్టు. ఆ ఉక్కుబొట్టును నేటి సాధనములతో పరీక్షించి, ఏ కొండ ఖనిజము ఏ మూసలోనికి వచ్చినదో, అందు వెనేడియమున్నదో లేదో చెప్పుటకు వీలున్నది. దిబ్బలను చదును చేసి పొలములుగా మార్చుటయు, చిట్టెమును బాటలకు పఱచుటయు సాగుచుండగా ఈ పని త్వరగా జరుగవలెను. ఉత్తర తెలంగాణపు కళాశాలలలోని విద్యార్థులు తమ ఊరి దిబ్బను కొలిచి, ఛాయాచిత్రము తీసి, ముక్క దొరకిన తావును గుర్తించి వ్రాసి పెట్టినను అది పరిశోధకులకు పనికివచ్చును.

ఏ వేడిలో, ఎంత కర్బనముతో, ఇనుము ఏ రూపమును ధరించునో ఒక్క పటములో గీచి చూపిన రాబర్ట్స్ ఆస్టెన్ కృషిని వచ్చు భాగమున ఎత్తుకొందము.